కోడిగూటి మీద బానెట్

ఆ పసుపుపచ్చ జపాన్ కారును అమ్మిపెట్టింది నేనే. ఊళ్ళో ఎవరినడిగినా మా మేనకోడలు మిరోఫోరా అమ్ముకుందని చెబుతారు. నమ్మకండి. నలభై ఏళ్ళు గాడిదలకూ కంచరగాడిదలకూ బేరం కుదిర్చిన చెయ్యి ఇది. లిమాసోల్ పట్నం సంతలో ఒక కుంటి గాడిదను నాట్యం వచ్చిన గాడిదని చెప్పి అమ్మితే, కొన్నవాడు మరుసటి ఏడు వచ్చి దానికి జోడీ దొరుకుతుందా అని అడిగాడు. అలాంటి ఈ హంబిస్ దగ్గరుండి నడిపించబట్టే ఆ బేరం కుదిరింది.

ముందు కారు సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట ఓడలోంచి దిగినప్పుడు అది ఒద్దికైన కారే. మిరోఫోరా చేతిలో పడ్డాక ఆ ఒద్దిక పోయింది. అప్పట్లో ఆ పిల్ల కింది ఊళ్ళో మాస్టర్ యాకుమిస్ మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటూ, ఆదివారాలన్నీ దాని కిందే పడుకుని గడిపేది. ఇంజన్ విప్పి గట్టి పిస్టన్లు వేసింది. ఉన్న టర్బో తీసేసి పుచ్చకాయంత టర్బో పెట్టింది. వెనక సీటు పీకేసి ఇనప గొట్టాల పంజరం బిగించింది. బానెట్ తీసి, గాలి కన్నాలున్న నల్లటి తేలికపాటిది వేసింది. పొగగొట్టం ఎంత వెడల్పంటే మా పిల్లి అందులోకి దూరి, వెనక్కి తిరిగి తల ముందుగా బయటికొచ్చేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే తుపాకీ పేలినట్టు పేలేది. ఆ రోజు మా పొరుగు వారవారా వదిన మేకలు పాలు ఇచ్చేవి కావు, ఇస్తే పెరుగే ఇచ్చేవి.

అలాంటి కారు సర్కారు తనిఖీలో నెగ్గదు. అందుకే మా వైపు ఇలాంటి బళ్ళున్నవాళ్ళు విప్పిన సామాను పారెయ్యరు. తనిఖీ రోజున అసలు బానెట్, అసలు సీటు, అసలు సైలెన్సర్ మళ్ళీ బిగించి, పెళ్ళికూతురిని చర్చికి తీసుకెళ్ళినట్టు నెమ్మదిగా తీసుకెళతారు. ముద్ర పడ్డాక ఇంటికొచ్చి అన్నీ విప్పేస్తారు. తనిఖీ చేసేవాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు. మిరోఫోరా ఆ అసలు సామానును మూడు దుప్పట్లలో చుట్టి, చీటీలు అంటించి, నా ద్రాక్షసారా పీపాలుండే కొట్టుగదిలో పెట్టింది. గోడ మీద నాకోసం ఇంకో చీటీ: "మామయ్యా, ముట్టుకోకు." తర్వాత లిమాసోల్లో ఎవరిదో షెడ్డులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. కారు నాలుగేళ్ళు నా ఇంటి వెనక గుడ్డ కప్పుకుని నిద్రపోయింది.

పోయిన ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున్న వచ్చి, నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, మాస్టర్ యాకుమిస్ పని మానేస్తున్నాడు. షెడ్డు, లిఫ్టు, పనిముట్లు అన్నీ నాకే ఇస్తానన్నాడు. మరియమాత పండుగలోగా బయానా కట్టాలి. కట్టకపోతే టైర్ల వ్యాపారి ఒకడు కాచుకుని ఉన్నాడు."

"బయానాకి డబ్బేదీ?"

ఆమె కిటికీలోంచి గుడ్డ కప్పిన కారును చూపించింది. "అదిగో."

"పన్నెండేళ్ళుగా నీ ప్రాణం కదే అది!"

"వేరేవాళ్ళ షెడ్లలో ఇంకో పన్నెండేళ్ళు చెయ్యలేను. ఆ షెడ్డు నాదవ్వాలి. కారు పోతుంది. అయితే ఒకటే మాట మామయ్యా, మొత్తంగా పోతుంది. ముక్కలుగా అమ్మను."

పండుగకు పది రోజులు కూడా లేవు. నాకు ఒళ్ళంతా హుషారు వచ్చేసింది. గాడిదల సంతలు మూతపడ్డాక నా నాలుకకు పని లేదు మరి.

మొదట వచ్చినవాళ్ళు ఇద్దరు కుర్రాళ్ళు. ఇంజన్ ఒక్కటే కావాలన్నారు, డబ్బు జేబులోనే ఉందన్నారు. మిరోఫోరా గుడ్డ కూడా తీయకుండానే పంపేసింది. రెండోసారి వచ్చినవాడు టర్బో అడిగాడు. మూడోవాడు కారుకు బదులు నీళ్ళ మీద నడిచే మోటారు బండి ఇస్తానన్నాడు. మా ఊరికీ సముద్రానికీ మధ్య రెండు కొండలున్నాయని చెప్పి సాగనంపాం. నాలుగోవాడు మాత్రం అసలైన బేరం. బంగారు గొలుసు, కొత్త బూట్లు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇదివరకు ఎవరు నడిపారు?" అని అడిగాడు.

మిరోఫోరా నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. "ఒక ముసలావిడ బాబూ. ఆదివారం ఆదివారం చర్చికి తప్ప బయటికి తీసేది కాదు."

ఆయన లోపలికి తొంగి చూసి, ఇనప పంజరాన్నీ నడుముకూ భుజాలకూ కట్టే బెల్టులనూ చూశాడు. "ముసలావిడ తలకిందులుగా ప్రార్థన చేసేదా తాతా?"

"మహా భక్తురాలు," అన్నాను.

ఆయన కడుపు పట్టుకుని నవ్వి, నవ్వుతూనే వెళ్ళిపోయాడు. నవ్విన మనిషి కొంటాడని నా అనుభవం. ఆయన కొనలేదు.

మిరోఫోరా నామీద అరవలేదు. లోపలికెళ్ళి కాగితం తెచ్చి, అమ్మకం ప్రకటన కొత్తగా రాయడం మొదలుపెట్టింది. నేను భుజం మీంచి చూశాను. మొదటి వరస: ఎడమవైపు ముందు చక్రం ఒకసారి రాతిగోడకు కొట్టుకుంది, బాగుచేశాను. రెండో వరస: చలిలో రెండో గేరు కీచుమంటుంది. మూడోది: నాలుగేళ్ళుగా రోడ్డెక్కలేదు. అలా పదకొండు లోపాలు. ఆ తర్వాతగానీ ఇంజన్ మాట రాలేదు.

"పిచ్చి పట్టిందా పిల్లా? పుండెక్కడుందో ముందే చూపించి గాడిదను అమ్మేవాడెవడైనా ఉన్నాడా?"

"నేను గాడిదను అమ్మడం లేదు మామయ్యా. రేపు నా షెడ్డుకు బండి తెచ్చేవాడు నా మాట నమ్మాలి. ఇవాళ్టి నుంచే మొదలు."

"ఆ కాగితం చదివాక ఎవడూ రాడు."

"వచ్చేవాడు ఒక్కడు చాలు."

నిజంగానే ఒక్కడే ఫోన్ చేశాడు. పాఫోస్‌లో హైస్కూలు రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు, పేరు ఒనిసిఫోరోస్. పదకొండు లోపాలూ చదివానన్నాడట. ధర బాగానే ఉందన్నాడట. ఒకే ప్రశ్న అడిగాడట: అసలు సామాను ఉందా? లేకపోతే తనిఖీలో నెగ్గదు, నెగ్గకపోతే తనకు వద్దు.

"అంతా ఉంది మాస్టారూ," అంది మిరోఫోరా ఫోన్లో. "దుప్పట్లలో చుట్టి మా మామయ్య కొట్టులో పెట్టాను. గురువారం పొద్దున్నే రండి, బిగించి ఉంచుతాను."

నేను తాగుతున్న కాఫీ ముక్కులోకి వెళ్ళింది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఆ కారును నేను అమ్మానని మొదట్లో అన్నాను కదా. అమ్మలేదు. నిజానికి ఆ బేరాన్ని ముంచబోయింది నేనే. నాలుగేళ్ళలో ఆ దుప్పట్ల కోసం ఎవరూ రాలేదు. మొదటి చలికాలంలోనే నాకు దుప్పట్లు కావలసి వచ్చాయి. దుప్పట్లు తీస్తే లోపలి సామాను బయటపడింది. ఊరికే పడి ఉన్న వస్తువును చూస్తే నాకు నిద్ర పట్టదు.

మిరోఫోరా కొట్టు తలుపు తీసింది. లోపల పీపాలు, సాలెగూళ్ళు, గోడ మీద "ముట్టుకోకు" అన్న చీటీ. అంతే. ఆమె కాసేపు ఆ చీటీనే చూసింది. జుట్టు ముడి వేసుకుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది.

"మామయ్యా, ఏది ఎక్కడుందో వరసగా చెప్పు."

"సీటు తోఫిస్ కాఫీ కొట్లో. సైలెన్సర్ వారవారా వదిన పొయ్యికి పొగగొట్టం. బానెట్..." గొంతు సవరించుకున్నాను. "బానెట్ మన కోడిగూటికి కప్పు."

"ఇవాళ మంగళవారం," అంది. "పద."

తోఫిస్ కొట్టులో మేడిచెట్టు కింద ఆ సీటు మీద ముగ్గురు ముసలాళ్ళు ఒకరినొకరు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నాలుగేళ్ళ నుంచి అలాగే ఉన్నారు, భోజనానికి తప్ప లేవరు. సంగతి వినగానే తోఫిస్ చేతిలోని పళ్ళెం బల్ల మీద టప్పున పెట్టాడు.

"ఇచ్చింది తిరిగి అడుగుతారా హంబీ? ఈ సీటు వచ్చాకే నాకు గిరాకీ పెరిగింది!"

"ఇచ్చింది ఈయన. వస్తువు నాది," అంది మిరోఫోరా. "తోఫిస్ బాబాయ్, నీ ట్రక్కు క్లచ్చి సంగతేమిటి?"

తోఫిస్ చూపు పక్కకు తిరిగింది. ఆ ట్రక్కు ఎత్తు ఎక్కాలంటే వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించాలి, ఊరందరికీ తెలుసు. "ఉంది ఏదో... ఎవరూ బాగుచెయ్యలేకపోతున్నారు."

"నా షెడ్డు తెరిచిన రోజు మొదటి బండి నీదే. ఊరికే చేస్తాను. ఈ సీటు లేకపోతే కారు అమ్ముడుపోదు, కారు అమ్ముడుపోకపోతే షెడ్డు లేదు, షెడ్డు లేకపోతే నువ్వు చచ్చేదాకా కొండ వెనక్కే ఎక్కుతావు."

తోఫిస్ గడ్డం గోక్కుని, "లేవండయ్యా!" అన్నాడు. ఇద్దరు లేచారు. మూడోవాడు లేవనన్నాడు, తావ్లీ పాచికలాటలో గెలవబోతున్నాడట. చివరికి సీటుతో సహా ఆయన్ను మా ఇంటిదాకా మోశాం. దారిపొడుగునా పాచికలు వేస్తూనే ఉన్నాడు, మా గుమ్మం దగ్గర ఓడిపోయి దిగాడు.

వారవారా వదిన ఇంటికి వెళ్ళేసరికి పొయ్యిలో రొట్టెలున్నాయి. మట్టి పొయ్యి మీద మా సైలెన్సర్ నిటారుగా నిలబడి, సన్నగా, మర్యాదగా పొగ వదులుతోంది.

"ఇది పెట్టాక పొగ కళ్ళల్లోకి రావడం మానేసింది," అంది వదిన. "చప్పుడు కూడా లేదు."

"పొయ్యికి చప్పుడేమిటి అత్తా?"

"ఉండేది. నీకేం తెలుసు? సరే, రొట్టెలు దిగాక తీసుకో. కానీ ఊరికే ఇవ్వను." వదిన తలగుడ్డ సర్దుకుని, గొంతు తగ్గించింది. "ఆ కార్లో నన్నోసారి ఎక్కించు. మా ఆడపడుచు ఇంటి ముందు నుంచి పోనియ్యి. ఈ సైలెన్సర్ బిగించకముందే."

మిరోఫోరా నవ్వడం ఆ వారంలో అదే మొదటిసారి చూశాను. వేడిగా ఉన్న సైలెన్సర్‌ను తడి గోనెసంచితో పట్టి విప్పి, పక్కన చల్లారబెట్టింది. ఆ సాయంత్రం కారు గుడ్డ తీసి, బ్యాటరీ పెట్టి తాళం తిప్పింది. నాలుగేళ్ళ నిద్రలోంచి ఆ ఇంజన్ లేచిన తీరు చూడాలి. ముందు దగ్గింది, తర్వాత గర్జించింది. డెబ్భై ఆరేళ్ళ వారవారా వదిన ఆ బెల్టులన్నీ కట్టుకుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది. ఆడపడుచు ఇంటి ముందు మిరోఫోరా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. కారు ఢమఢమని పేలింది. ఆడపడుచు ఇంటి అద్దాల బీరువాలో ఆరు గ్లాసులు పగిలాయని కొందరంటారు, వదిన మాత్రం పన్నెండంటుంది.

తిరిగొచ్చాక మిరోఫోరా ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. టర్బో చల్లబడాలంటే అలా ఆగాలి, అది పద్ధతి. కానీ రెండు నిమిషాలు దాటాక కూడా కూర్చునే ఉంది.

ఇక బానెట్. బుధవారం పొద్దున్న కోడిగూటి మీంచి దించి కడిగాం. కింద వైపు శుభ్రంగానే ఉంది. పైవైపు చూసి నీళ్ళ బకెట్ కింద పెట్టేశాను. అది అల్యూమినియం, మెత్తటి లోహం. నేను నాలుగేళ్ళు రోజూ బార్లీ గింజలు దాని మీదే చల్లాను, పైన వేస్తే ఎలకలకు అందదని. తొమ్మిది కోళ్ళు నాలుగేళ్ళు పొడిచాయి. పసుపు రంగు మీద వందల చుక్కలు, సన్నటి గుంటలు, మశూచి వచ్చిన మొహంలా ఉంది. అన్నింటికన్నా ఎక్కువ పొడిచింది దొరసాని. మా నల్ల కోడి పేరు అది. మెడ ఎత్తి నడుస్తుంది, పిలిస్తే పలకదు.

"రంగు వెయ్యడానికి టైము లేదు," అంది మిరోఫోరా. "ఇలాగే బిగిద్దాం."

"చీకటిపడ్డాక రమ్మందాం. లాంతరు వెలుగులో చూపిస్తే—"

"మామయ్యా." చింతకాయలా ఉండే ఎండిన కారబ్ కాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నల్లగా, చెప్పు అట్టలా గట్టిగా ఉంది. "రేపు ఆయన వచ్చినప్పుడు ఇది నోట్లో పెట్టుకో. వెళ్ళేదాకా తియ్యకు."

గురువారం ఎనిమిదింటికల్లా మాస్టారు దిగాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. మర్యాదగా నాకు నమస్కరించాడు. నేను కారబ్ కాయ నములుతూ తల ఊపాను. పండుగ ముందు మాంసం, గుడ్లు, పాలు ముట్టని ఉపవాసం రోజులు కాబట్టి అత్తిపళ్ళూ పుచ్చకాయ ముక్కలూ పెట్టాం. ఆయన ముట్టుకోలేదు. అట్టముక్క పరుచుకుని, టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. అరగంటకు బయటికొచ్చి ఇంజన్లో ఒత్తిడి కొలిచాడు. మిరోఫోరా రాసిన పదకొండు లోపాల కాగితం తీసి ఒక్కొక్కటీ చూసి, ఒక్కొక్క దాని పక్కనా గీత పెట్టాడు. పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యి కదా, గీతలు ఎర్ర ఇంకుతోనే. పదకొండుకు పదకొండూ నిజమే. పొగగొట్టం మెత్తగా పలుకుతోంది, పంజరం విప్పేసిన చోట సీటు ఉంది. ఎండ ఎక్కుతున్నా మిరోఫోరా కారు పక్క నుంచి కదల్లేదు. ఆయన అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతోంది.

చివర బానెట్ దగ్గర ఆగాడు. వేలితో తడిమాడు. కాగితం వంక చూశాడు. మళ్ళీ తడిమాడు.

"ఇది లిస్టులో లేదు."

"నిన్ననే చూశాను మాస్టారూ. ప్రకటన రాసేనాటికి నాకు తెలీదు."

"రాళ్ళవానా? లేక ఎక్కడైనా బోల్తా పడిందా? నిజం చెప్పండి."

"కోళ్ళు," అంది మిరోఫోరా.

మాస్టారు పెన్ను మూత పెట్టాడు. "చూడమ్మా. నేను ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. హోంవర్క్ మేక తినేసిందని, చెల్లెలు మింగేసిందని, వరదలో పోయిందని అన్నీ విన్నాను. కోళ్ళని ఎవరూ చెప్పలేదు. మీరు పదకొండు నిజాలు రాశారని ఇంత దూరం వచ్చాను. పన్నెండోది దాస్తే మొదటి పదకొండూ ఎందుకు నమ్మాలి?"

"నేను దాచలేదు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నమ్మేదాకా ఇక్కడే నిలబడతాను. మీరు వెళ్ళిపోతే ఇంకొకరికి కూడా ఇదే చెబుతాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి కారు తాళాల మీదికి వెళ్ళింది, తను వచ్చిన కారు తాళాల మీదికి. రెండు రోజుల్లో పండుగ. ఆయన ఆ గేటు దాటితే షెడ్డు టైర్లవాడిది.

నేను కారబ్ కాయ ఉమ్మేశాను.

"మాస్టారూ, ఆ పిల్ల చెప్పింది నిజం. ఇది నా కోడిగూటి కప్పు. నేనే పెట్టాను, ముట్టుకోవద్దని చీటీ రాసినా వినకుండా. నాలుగేళ్ళు దాని మీదే గింజలు చల్లాను. తప్పు నాది."

నా జీవితంలో బేరం మధ్యలో నిజం చెప్పడం అదే మొదటిసారి. చెప్పాక నోరు వింతగా అనిపించింది, కొత్త చెప్పు వేసుకున్నట్టు. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"తాతగారూ, ఊళ్ళోకి వస్తూ కాఫీ కొట్టు దగ్గర దారి అడిగాను. హంబిస్ ఇల్లు ఎక్కడంటే చూపించారు. ఆయన ఏం చెప్పినా నమ్మకండి అని కూడా చెప్పారు."

తోఫిస్ గాడు! సీటు పోయిన కోపం.

సరిగ్గా అప్పుడే దొరసాని వచ్చింది. పెరటి గేటులోంచి మెడ ఎత్తుకుని, ఎవరినీ లెక్కచెయ్యకుండా, తనంతట తానే నడిచొచ్చింది. మాస్టారి బూటు పక్క నుంచి వెళ్ళి, రెక్కలు టపటపలాడించి బానెట్ మీదికి ఎగిరింది. నాలుగేళ్ళ అలవాటు మరి. తల వంచి టక్, టక్, టక్ అని పొడిచింది. మళ్ళీ కిందికి దూకి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మాస్టారు టార్చి వెలిగించి, పట్టపగలు, వంగి చూశాడు. పాత చుక్కల పక్కన మూడు కొత్త చుక్కలు. ఒకే లోతు, ఒకే ఆకారం. ఆయన వేలితో వాటిని తడిమి, పాతవాటిని తడిమి, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగాయి. కాగితం మడత విప్పి, ఎర్ర ఇంకుతో పన్నెండో వరస రాశాడు: కోడి. పక్కన గీత పెట్టాడు.

"తీసుకుంటాను," అన్నాడు. "మొత్తంగా."

వాళ్ళ చేతులు కలిసినప్పుడు నా చెయ్యి పైన వేసి మూడుసార్లు ఊపాను. సంతలో గాడిదలకైనా అంతే, మధ్యవర్తి చెయ్యి పడకపోతే బేరం పక్కా కాదు. మాస్టారు నాకేమైనా ఇవ్వాలా అని అడిగాడు. వద్దన్నాను, ఎదురు ముప్ఫై గుడ్లు ఇచ్చాను. ఉపవాసంలో కూడబెట్టినవి, పండుగ రోజుదాకా ఆయన కూడా తినలేడు.

విప్పిన సామాను కోసం మళ్ళీ వస్తానని, తన కారును మా వాకిట్లోనే వదిలి, మాస్టారు పసుపుపచ్చ కారెక్కాడు. అది మలుపు దాటేదాకా మిరోఫోరా గేటు దగ్గర నిలబడింది. సైలెన్సర్ ఉంది కాబట్టి చప్పుడు తొందరగానే ఆగిపోయింది. "చలికాలం రెండో గేరు వెయ్యబోయే ముందు కాస్త ఆగమని చెప్పానా?" అంది. చెప్పావన్నాను. మూడుసార్లు చెప్పింది. లోపలికెళ్ళి చేతులు కడుక్కుని, సంచీ తగిలించుకుని, కింది ఊరికి నడుచుకుంటూ వెళ్ళింది. ఇంక కారు లేదుగా. యాకుమిస్ షెడ్డు గోడకు టైర్లవాడి బోర్డు అప్పటికే ఆనించి ఉందట. బయానా యాకుమిస్ చేతిలో పెట్టి, ఆ బోర్డును గోడవైపు తిప్పి నిలబెట్టి, చీపురు తీసుకుందట. తోఫిస్ ట్రక్కు ఇప్పుడు కొండను ముందుకే ఎక్కుతోంది. వెళ్ళి చూసుకోండి.

ఇందులో ఏది కల్పన అని అడుగుతారు, అడిగే మొహాలే మీవి. పగిలిన గ్లాసులు వారవారా వదిన లెక్క, నాది కాదు. సీటు మీద మోసుకొచ్చిన మనిషి నిజం, ఇప్పటికీ నడుము నొప్పి నాకే. ఒక్కటే కల్పించాను. దొరసాని తనంతట తాను వచ్చిందన్నాను చూడండి, అది. మాస్టారు తాళాల మీద చెయ్యి వేసినప్పుడు, నేను తప్పు ఒప్పుకుంటూ బానెట్ మీద చెయ్యి ఆనించాను కదా. ఆనించానని చెప్పలేదా? ఆనించాను. ఆ గుప్పిట్లో బార్లీ గింజలున్నాయి.